చిమ్నీ పక్కన వదిలిన ఖాళీ జాగా

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మందుల షాపు నడుపుకుంటాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల కేంద్రం. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటు ఉంది. దాని పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఈ ఉత్తరం ఒక ప్లాంటు మీద ఫిర్యాదుగా మారిపోయి, కింది ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి "తగు చర్య తీసుకోబడును" అన్న జవాబుతో నా దగ్గరికే తిరిగొస్తుందని భయం. నేను మాట్లాడదలుచుకున్నది 2025 జూలై 11న మీ శాఖ ఇచ్చిన గెజిట్ నోటిఫికేషన్ గురించి. చిమ్నీ పొగలో పోయే గంధకపు వాయువుకు ఉన్న హద్దును అది దేశంలోని బొగ్గు ప్లాంట్లలో చాలావాటికి ఎత్తేసింది.

ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లే కుర్రాళ్లు సాయంత్రం డ్యూటీ దిగి నా షాపు ముందు ఆగుతారు. కంటి చుక్కలు, ఒళ్లునొప్పుల మాత్రలు, దగ్గు సిరప్ తీసుకెళ్తారు. వాళ్లలో ఒకతను మూడేళ్ల కిందట ఓ మాట చెప్పాడు. "అన్నా, చిమ్నీ పక్కన పెద్ద ఖాళీ జాగా ఉంది. ఎఫ్‌జీడీ కోసమని ప్లాంటు కట్టినప్పుడే వదిలారంట. సర్కారు తుమ్మ మొలుస్తుంటే ఏడాదికోసారి మా చేత కొట్టిస్తారు." అప్పటికి ఎఫ్‌జీడీ అంటే ఏమిటో నాకూ తెలియదు. ఆ రాత్రి షాపు మూసేసి ఫోన్‌లో వెతికి చదివాను. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను.

మీకు తెలిసిన విషయమే అయినా, ఈ ఉత్తరం మా ఊరివాళ్లూ చదువుతారు కాబట్టి రెండు మాటల్లో చెబుతాను. బొగ్గులో గంధకం ఉంటుంది. కాలినప్పుడు అది సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువుగా మారి చిమ్నీలోంచి బయటికి పోతుంది. ఎఫ్‌జీడీ అంటే ఫ్లూ గ్యాస్ డీసల్ఫరైజేషన్. పొగ చిమ్నీలోకి పోయేముందు దాన్ని సున్నపురాయి పొడి కలిపిన నీళ్ల జల్లుల్లోంచి పంపిస్తారు. వాయువు సున్నంతో కలిసి జిప్సంగా మారి కిందికి దిగుతుంది. బాగా నడిపితే నూటికి తొంభై పాళ్లకు పైగా అక్కడే ఆగిపోతుంది. పెద్ద యూనిట్లకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు, రేపు అవసరమైతే పెట్టుకోవడానికి స్థలం వదలమని మీ శాఖే షరతు పెట్టేది. ఆ కుర్రాడు చెప్పిన జాగా అదే.

మా ఊళ్లో ప్లాంటు మీద గొడవ అంటే బూడిద మీద గొడవే. మిరపకాయలు కల్లంలో ఆరబోస్తే పొద్దున్నకి సన్నటి బూడిద పొర దిగుతుంది. బేరానికి వచ్చినవాడు ఓ కాయ తీసుకుని, బొటనవేలితో రుద్ది, వేలు మాకు చూపించి, రేటు తగ్గిస్తాడు. ఎండాకాలం గాలిదుమారం లేస్తే బూడిద చెరువు మొత్తం ఊరి మీదికి వచ్చినట్టే ఉంటుంది. అలాంటప్పుడు జనం రోడ్డు మీద కూర్చుంటారు, తహసీల్దారు వస్తారు, ట్యాంకర్లతో నీళ్లు కొట్టిస్తారు. బూడిద కంటికి కనిపిస్తుంది, వేలికి అంటుతుంది, కాబట్టి ఎవరో ఒకరు రాక తప్పదు. సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు. 275 మీటర్ల ఎత్తులోంచి పోయేదాని వాసన కూడా మాకు చాలా రోజులు తెలియదు. దాని కోసం మా ఊళ్లో ఇంతవరకు ఒక్కరూ రోడ్డెక్కలేదు. ఎక్కనందువల్లే ఈ ఉత్తరం.

ఎంత పోతుందో ఒకసారి లెక్క వేసి చూశాను. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. దానికి సుమారు 8,000 టన్నుల బొగ్గు కాలాలి. మన బొగ్గులో గంధకం తక్కువ అంటారు. సరే, 0.4 శాతమే అనుకుందాం. 8,000 టన్నుల్లో అది 32 టన్నులు. ఆక్సిజన్‌తో కలిసేసరికి బరువు రెట్టింపవుతుంది. కాస్తో కూస్తో బూడిదలో ఉండిపోయేది తీసేసినా ఒక్క యూనిట్ నుంచి, ఒక్క రోజులో, ఇంచుమించు 60 టన్నుల వాయువు. పది టన్నుల లారీలు ఆరు. రోజూ. ఇంకా పెద్ద యూనిట్లు ఎన్నో ఉన్నాయి. రామగుండం, పాల్వంచ, మణుగూరు, దామరచర్ల, ఇబ్రహీంపట్నం, పరవాడ, కృష్ణపట్నం, ముద్దనూరు అని మా రెండు రాష్ట్రాల మ్యాపు మీద వేలు పెట్టుకుంటూ పోతే చాలు, బొగ్గు ప్లాంటుకు దగ్గర్లో ఎంతమంది బతుకుతున్నారో తెలుస్తుంది.

"గంధకం తక్కువ" అన్న మాట నోటిఫికేషన్‌ను సమర్థించేవాళ్లు పదేపదే వాడారు. తక్కువే, కాదనను. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ. అదే కరెంటుకు బయటిదేశాల మంచి బొగ్గు కంటే ఎక్కువ టన్నులు కాల్చాలి. శాతం చిన్నదే, కుప్ప పెద్దది. మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది టన్నుల లెక్కే కానీ శాతాల లెక్క కాదు కదా. 2017లో ఉపగ్రహాల కొలతలతో అమెరికా శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. 2007 నుంచి చైనా సల్ఫర్ డయాక్సైడ్‌ను 75 శాతం తగ్గించిందనీ, అదే కాలంలో మనది 50 శాతం పెరిగిందనీ, ప్రపంచంలో మొదటి స్థానానికి మనం చేరుకుంటున్నామనీ అందులో రాశారు. చైనా బొగ్గు కాల్చడం మానేయలేదు. చిమ్నీల దగ్గర వడపోత పెట్టి, పరిమితులు బిగించింది.

మనమూ బిగించాం, మంత్రి గారూ. అదే నాకు ఎక్కువ బాధ. 2015 డిసెంబర్ 7న మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ చదివినప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. అంతకుముందు మన దేశంలో బొగ్గు ప్లాంట్ల సల్ఫర్ డయాక్సైడ్‌కు చిమ్నీ ఇంత ఎత్తు ఉండాలన్న నిబంధన తప్ప, ఇంతకు మించి వదలకూడదన్న అంకె లేదు. ఆ రోజు మొదటిసారి అంకెలు వచ్చాయి. 2017 నుంచి వచ్చే కొత్త యూనిట్లకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు. పాతవాటిలో 500 మెగావాట్లు, అంతకు మించినవాటికి 200, చిన్నవాటికి 600. నైట్రోజన్ ఆక్సైడ్లకూ, పాదరసానికీ, నీటి వాడకానికీ హద్దులు పెట్టారు. పాత ప్లాంట్లకు రెండేళ్ల గడువు ఇచ్చారు.

రెండేళ్లయ్యాక గడువు 2022కి జరిగింది. 2021 ఏప్రిల్ 1న, నగరాలకూ కలుషిత ప్రాంతాలకూ ఎంత దగ్గరున్నాయో చూసి ప్లాంట్లను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేసి, వాటికి వరుసగా 2022, 2023, 2024 అన్నారు. 2022 సెప్టెంబర్‌లో అవి 2024, 2025, 2026 అయ్యాయి. 2024 డిసెంబర్ 30న, అంటే ఎ వర్గం గడువు ఇంకో రోజులో ముగుస్తుందనగా, మరో మూడేళ్లు ఇచ్చారు. ఏడు నెలలు తిరక్కుండానే జూలై 11 వచ్చింది. సి వర్గానికి ఇక ఈ పరిమితే వర్తించదు, చిమ్నీ నిర్ణీత ఎత్తు ఉంటే చాలు అన్నారు. బి వర్గం సంగతి కమిటీ ఒక్కొక్కటిగా చూస్తుందన్నారు. ఎఫ్‌జీడీ పెట్టాలని గుర్తించిన 537 యూనిట్లలో అప్పటికి పదోవంతు కూడా పూర్తికాలేదు. గడువు దాటిన ప్లాంటు యూనిట్ కరెంటుకు ఇన్ని పైసలు కట్టాలని 2021లో జరిమానా కూడా రాశారు. గడువే జరిగిపోతూ ఉంటే ఆ జరిమానా ఎవరి దగ్గర వసూలవుతుంది?

మా వీధి చివర ఉండే ఒకమ్మాయి కిందటి చలికాలం రాత్రి తొమ్మిదింటికి వచ్చి, "నెబులైజర్ మిషన్ అద్దెకి ఇస్తారా అన్నా, కొనాలంటే ఇప్పుడు కుదరదు" అని అడిగింది. కూతురికి ఆయాసం. నా దగ్గర అద్దెకిచ్చే మిషన్ లేదు. ఇంట్లో మా అమ్మకు వాడేది తెచ్చి ఇచ్చాను. మర్నాడు పొద్దున తిరిగి ఇవ్వడానికి తల్లితో ఆ పాప కూడా వచ్చింది. ఐదో తరగతి అంది. అంటే మీ శాఖ మొదటి నోటిఫికేషన్ ఇచ్చిన ఏడాది పుట్టిన పిల్ల. ఆ రెండేళ్ల గడువు మాట నిలబడి ఉంటే, ఆ పిల్లకి ఊహ తెలిసేనాటికి మా చిమ్నీ పొగ కడుక్కుని బయటికి వచ్చేది.

ఆ పాప ఆయాసం ప్లాంటు వల్లే వచ్చిందని నేను చెప్పను. చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. వాళ్లింట్లో ఇప్పటికీ స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాస్తారు. ఇంటి ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతాయి. పీల్చే క్యాప్సూళ్ల కోసం నా దగ్గరికి వచ్చే తాతల్లో సగం మంది వయసులో ఉన్నప్పుడు బీడీలు కాల్చినవాళ్లే. ఒక తాత ఉన్నాడు. క్యాప్సూళ్లు ముప్ఫై ఉండే డబ్బాగా వస్తాయి. ఆయన నెలాఖరులో వచ్చి, "పది ఇవ్వు బాబూ, ఒకటో తారీఖు పింఛను రాంగానే మిగతావి పట్టుకుపోతా" అంటాడు. నేను డబ్బా విప్పి పది లెక్కపెట్టి కవరులో వేసి ఇస్తాను. బీడీ మానేసి పన్నెండేళ్లయిందట. ఆయన ఊపిరితిత్తుల్లో బీడీ ఎంత, పొయ్యి ఎంత, చిమ్నీ ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. కానీ బీడీ మానెయ్యమని ఆయనకు డాక్టరు చెప్పాడు, ఆయన మానేశాడు. పొయ్యి బదులు గ్యాసు వాడమని మీరు చెప్పారు, కోడలు వాడుతోంది. మూడోది వాళ్ల చేతుల్లో లేదు, మీ చేతుల్లో ఉంది.

ఇక ప్రభుత్వ అధ్యయనాలు చెప్పిన పెద్ద కారణం దగ్గరికి వస్తాను. ప్లాంట్ల చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే అది జాతీయ ప్రమాణానికి, అంటే 24 గంటల సగటు ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములకు, లోపలే ఉంది, కాబట్టి ఎఫ్‌జీడీ అక్కర్లేదు అన్నారు. కొలతలు తప్పని నేను అనడం లేదు. వెతికిన చోటు గురించే నా సందేహం. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో వాయువుగానే ఉండిపోదు. కొన్ని గంటల్లో మొదలై కొన్ని రోజుల్లో సల్ఫేట్‌గా మారుతుంది. పొలాల్లో చల్లిన యూరియా నుంచీ పశువుల పేడ నుంచీ లేచే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ రేణువు అవుతుంది. మా రైతులకు అమ్మోనియం సల్ఫేట్ అంటే ఎరువు బస్తా. అదే పదార్థం గాలిలో కంటికి కనిపించనంత సన్నగా తయారై పీఎం 2.5 అనే లెక్కలోకి వెళ్తుంది. అంత సన్నటి రేణువు ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల చివరి అరల దాకా వెళ్తుంది. గాలిలో రోజుల తరబడి తేలుతూ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. చిమ్నీ చుట్టూ వాయువును కొలిచి తక్కువుందని రాసుకోవడం, ధాన్యం మిల్లుకెళ్లి బియ్యమైపోయాక ఖాళీ గాదెను చూసి ఈ ఏడు పంటే పండలేదన్నట్టు ఉంది. పీఎం 2.5లో చూడండి. అక్కడ మన దేశం ఏడాది సగటుకు పెట్టుకున్న హద్దు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. మన దేశంలో ఎన్నో ఊళ్లు ఆ 40 కూడా దాటిపోతున్నాయి.

చిమ్నీ ఎత్తు ఉంటే చాలన్న వాదన కొత్తది కాదు. లోకం దాన్ని ఒకసారి నమ్మి దెబ్బతింది. 1952లో లండన్‌లో పొగమంచు కమ్మి వేలమంది చనిపోయాక బ్రిటన్‌లో ఎత్తయిన చిమ్నీలు కట్టడం పెరిగింది. నగరాల మీద పొగ తగ్గింది. ఆ గంధకమంతా గాలిలో ప్రయాణించి స్వీడన్, నార్వేల్లో ఆమ్లవర్షంగా పడింది. సరస్సుల్లో చేపలు చచ్చిపోయాయి. స్వీడన్ ఆ గోడును 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు ముందు ఒక నివేదికగా పెట్టింది. ఆ సదస్సుకు మన ప్రధాని ఇందిరా గాంధీ వెళ్లి మాట్లాడారు. మన వాయు కాలుష్య నివారణ చట్టం, 1981 మొదటి వాక్యాలు ఒకసారి తెరిచి చూడండి. స్టాక్‌హోమ్ సదస్సులో తీసుకున్న నిర్ణయాలను అమలు చేయడానికే ఈ చట్టం చేస్తున్నామని అందులో రాసి ఉంది. ఎత్తు చిమ్నీల వల్ల నష్టపోయిన దేశం పిలిస్తే వెళ్లి, తిరిగొచ్చి చట్టం చేసుకున్న మనం, ఇప్పుడు చిమ్నీ ఎత్తు చూసి సర్దుకుంటున్నాం. ఆ వాక్యాలు చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎ, బి, సి అన్న విభజన దగ్గర కూడా కాసేపు ఆగాలి. పది లక్షల జనాభా దాటిన నగరానికీ, జాతీయ రాజధాని ప్రాంతానికీ పది కిలోమీటర్ల లోపల ప్లాంటు ఉంటే ఎ. బాగా కలుషితమైనవని గుర్తించిన ప్రాంతాలకూ, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకూ పది కిలోమీటర్ల లోపల ఉంటే బి. మిగతావన్నీ సి. దేశంలోని బొగ్గు ప్లాంట్లలో నూటికి 78 దాకా ఈ మిగతావే. మాదీ అందులోనే. ప్లాంటు పెట్టేటప్పుడు పెద్ద నగరాలకు దూరంగా ఉండాలని మా ఊరిని ఎంచుకున్నారు. భూములు ఇచ్చాం. కరెంటు నగరానికి వెళ్లింది, వెళ్లనివ్వండి, అక్కడున్నదీ మన పిల్లలే. ఇప్పుడు నగరానికి దూరంగా ఉన్నారు కాబట్టి మీ దగ్గర పొగ కడగక్కర్లేదంటున్నారు. నగరం నుంచి పదకొండో కిలోమీటరులో ఉండే మనిషి పీల్చే గాలికి వేరే ప్రమాణం ఏ శాస్త్రం ప్రకారం వచ్చిందో నాకు ఎక్కడా దొరకలేదు. పైగా అన్నివందల కిలోమీటర్లు వెళ్లే రేణువుకు పది కిలోమీటర్ల గీత వల్ల నగరానికి మాత్రం ఏం రక్షణ?

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. విజయవాడ, విశాఖ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, హైదరాబాద్, నల్గొండ ఇలా 131 నగరాలను తీసుకుని, ప్రతి నగరం తన గాలిని తనే బాగుచేసుకోవాలన్నారు. నగరపాలక సంస్థలు ఏం చేయగలవో అదే చేశాయి. రోడ్లు ఊడ్చే యంత్రాలు కొన్నాయి, నీళ్లు చల్లించాయి. మంచిదే. కానీ నగర కమిషనర్ వెళ్లి జిల్లా అవతలి థర్మల్ ప్లాంటును ఏమీ అడగలేడు. అడగగలిగింది మీరొక్కరే.

ఖర్చు మాట నేను తేలిగ్గా తీసుకోను. మెగావాట్‌కు కోటీ ఇరవై లక్షలు, దేశం మొత్తం మీద రెండున్నర లక్షల కోట్లు, కరెంటు యూనిట్‌కు 25 నుంచి 30 పైసలు భారం అని లెక్కలు వచ్చాయి. ఎఫ్‌జీడీ నడవడానికి కొంత కరెంటు, నీళ్లు, సున్నపురాయి కావాలన్నదీ నిజమే. నెలకు రెండొందల యూనిట్లు వాడే మా ఇంటికి యాభై, అరవై రూపాయలు పెరుగుతాయి. నాకైతే కట్టడానికి అభ్యంతరం లేదు. నా దగ్గర పది క్యాప్సూళ్లు కొనే తాత ఇచ్చే డబ్బు అంతకంటే ఎక్కువ. అందరూ నాలాగే అంటారని కాదు, కానీ ఎవరినైనా అడిగారా? ప్లాంటు పెట్టడానికి మా ఊళ్లో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. ప్లాంటుకు ఉన్న పరిమితి తీసేయడానికి మాత్రం మా ఊరి గ్రామ పంచాయతీకి ఒక కాగితం కూడా రాలేదు. రెండున్నర లక్షల కోట్లు ఒక్కరోజులో ఎవరూ అడగడం లేదు కూడా. 2015 నుంచి ఏడాదికి కొంత చొప్పున పెట్టుకుంటూ వచ్చి ఉంటే ఇప్పటికి చాలా భాగం పూర్తయ్యేది. ఆలస్యమైన కొద్దీ ఖర్చు పెరిగింది, పెరిగిన ఖర్చు ఇప్పుడు కారణమైంది. ఇక వచ్చే జిప్సం వృథా కాదు. పల్నాడు, నల్గొండ, కడప జిల్లాల నిండా సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, వాటికి జిప్సం కావాలి. మన దేశం దాన్ని బయటి నుంచి కూడా తెచ్చుకుంటోంది.

చేయాలనుకుంటే చేయగలమని మనం ఇప్పటికే చూపించాం. 2020 ఏప్రిల్ 1 నాటికి దేశమంతా బీఎస్-6 (బండ్ల పొగకు పెట్టిన ప్రమాణం) ఇంధనానికి మారింది. బీఎస్-5ని దాటేసి నేరుగా దూకాం. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 ఉండేది, 10కి దిగింది. ఆయిల్ కంపెనీలు రిఫైనరీలు మార్చుకున్నాయి, బండ్ల కంపెనీలు ఇంజన్లు మార్చుకున్నాయి, కొనేవాళ్లు ఎక్కువ ధర పెట్టి కొన్నారు. తేదీ చెప్పారు, తేదీ మీద నిలబడ్డారు, సుప్రీంకోర్టు కూడా ఆ తేదీని వెనక్కి జరగనివ్వలేదు. కిందటేడు టౌన్‌కు వెళ్తే నా పాత బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు నాలుగు రోజులు దాటిందని ఆపి ఫైన్ రాశారు. తప్పు నాదే, కట్టాను. నా బండికి నాలుగు రోజులు కూడా జరగని గడువు రోజుకు 60 టన్నులు వదిలే చిమ్నీకి పదేళ్లు జరిగింది.

ఇంకో చోటు సంగతి కూడా చెప్పాలి. మహారాష్ట్రలో దహాను అని ఉంది, సపోటా తోటలకు పేరు. అక్కడ 500 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వస్తే తోటల వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 1996లో జస్టిస్ ధర్మాధికారి అధ్యక్షతన అక్కడికి ప్రత్యేక పర్యావరణ అథారిటీ ఏర్పడింది. ఆ అథారిటీ పట్టుబట్టబట్టి 2007లో ఎఫ్‌జీడీ నడక మొదలైంది. దహాను మహానగరమేమీ కాదు. అక్కడ ప్లాంటు మూతపడలేదు, కరెంటు ఆగలేదు. ముంబైలోని ట్రాంబే ప్లాంటులో అయితే సముద్రపు నీళ్లతో పొగ కడిగే ఏర్పాటు 1980ల నాటికే వచ్చింది. ఇది మనకు చేతకాని విద్య కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. జూలై 11 నోటిఫికేషన్‌లో సి వర్గానికి ఇచ్చిన మినహాయింపు వెనక్కి తీసుకోండి. అన్నీ ఒక్కసారే కుదరకపోతే 500 మెగావాట్లు, అంతకంటే పెద్ద యూనిట్లతో మొదలుపెట్టండి. ఎక్కువ టన్నులు అక్కడి నుంచే వస్తాయి, స్థలం కూడా అక్కడే వదిలి ఉంది. ముసలివైపోయిన చిన్న యూనిట్లకు డబ్బు పోయమని నేను అడగను. మూసే తేదీ చెప్పండి, ఆ తేదీన మూయండి.

దేశం మొత్తానికి ఒక హద్దు కూడా కావాలి. ఐరోపా దేశాలు 2016లో ఒక ఆదేశం చేసుకున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, అమ్మోనియా, ఆవిరయ్యే రసాయనాలు, పీఎం 2.5 అని ఐదింటినీ 2005 నాటి మొత్తంతో పోల్చి ఏ దేశం ఎంత తగ్గించాలో అందులో రాసుకున్నాయి. ఒక్క సల్ఫర్ డయాక్సైడే 2030కల్లా కూటమి మొత్తం మీద 79 శాతం తగ్గాలి. ప్రతి దేశం ఏటా లెక్క అప్పజెప్పాలి. మన దగ్గర ఎవరైనా "ఈ ఏడాది దేశం మొత్తం ఇన్ని టన్నులు వదిలాం, వచ్చే ఏడాది ఇంతకు మించం" అని పార్లమెంటులో నిలబడి చెప్పే రోజు రావాలి. గాలిలో ఎంతుందన్న కొలతను వానా, గాలీ, ఋతువూ మారుస్తాయి. వాన పడ్డ వారం అందరం బాగున్నట్టే ఉంటుంది. చిమ్నీలోంచి ఎంత పోయిందన్న లెక్కను వాన మార్చలేదు.

ఆ లెక్క మాకు కనిపించాలి. చిమ్నీల్లో నిరంతరం కొలిచే యంత్రాలు ఎలాగూ ఉన్నాయి. మా ప్లాంటు గేటు దగ్గర ఒక డిజిటల్ బోర్డు ఉంది. ఎరుపు అంకెలు వెలుగుతూ ఉంటాయి, కొన్ని వారాలు అసలు వెలగవు. వెలిగినప్పుడు కూడా పక్కన హద్దు ఎంతో రాసి ఉండదు. పైగా అంతా ఇంగ్లిష్‌లో. ఆ అంకెను, దాని పక్కనే హద్దును, తెలుగులో, గంట గంటకు గ్రామ సచివాలయంలోనూ ఫోన్‌లోనూ కనపడేలా చెయ్యండి. ప్లాంట్లకు గాలివాటున ఉన్న పల్లెల్లో పీఎం 2.5 కొలిచే కేంద్రాలు పెట్టించండి. మా మండలంలో ఒక్కటీ లేదు. కొలవని చోట కాలుష్యం లేదని రాసుకోవడం ఇకనైనా ఆగాలి.

కేంద్ర ప్రభుత్వానికి తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని మా అబ్బాయి అన్నాడు. కష్టం చెప్పుకునేవాడు దేశంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నవించుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. అందుకని తెలుగులోనే రాశాను. జవాబు కూడా తెలుగులో ఇప్పిస్తే షాపు అద్దానికి లోపలి వైపు నుంచి అంటిస్తాను. సాయంత్రం ఆరున్నరకు డ్యూటీ దిగి వచ్చే కుర్రాళ్లు అక్కడే నిలబడి చదువుకుంటారు. ఈ ఏడాది తుమ్మ కొట్టాలో, పునాది తవ్వాలో వాళ్లకీ తెలుస్తుంది.

ఇట్లు,
థర్మల్ ప్లాంటుకు ఏడు కిలోమీటర్ల దూరంలో
మందుల షాపు నడుపుకుంటున్న ఒక పౌరుడు